తొమ్మిదో వరుసలో ఏడు చుక్కలు

పోయిన నెలలో ఒక ఉదయం కాలేజీకి బయలుదేరుతుంటే ఏలూరు నుంచి ఫోను వచ్చింది. "మా నాన్న పోయారండీ," అంది అచ్చు సాయిబుగారి కూతురు. "తెల్లారి నమాజు చేసుకుని టీ అడిగారండీ. నేను తెచ్చేలోపే అయిపోయింది. మధ్యాహ్నమే తీసుకెళ్ళిపోతారండీ. మీకు కబురు చెప్పకపోతే నాన్న నన్ను క్షమించరని చేశానండీ." తాడేపల్లిగూడెం స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి, పూళ్ళ స్టేషను దాటాక గానీ నాకు ఏడుపు రాలేదు.

ఆయన పేరు మీరు విని ఉండరు. ఇప్పుడు కూడా రాయడం లేదు. ఎప్పుడైనా పత్రికవాళ్ళు వచ్చి పేరడిగితే, "నా పేరెందుకండీ, పని చూడండి," అని పక్కకి తప్పుకునేవారు. మేమంతా ఆయన్ని అచ్చు సాయిబుగారు అనేవాళ్ళం. రాతి మీద చెక్కిన పాత శాసనానికి కాగితం మీద అచ్చు తీయడం ఆయన పని. జీవితంలో ముప్పై ఏళ్ళు ఆ పని చేశారు. ఆ అక్షరాల్లో ఒక్కటి కూడా ఆయనకి చదవడం రాదు.

ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఆ అక్షరాలన్నీ చదవగలిగిన నేను చేసిన ఒక తప్పుడు పనిని, చదవడం రాని ఆయన పట్టుకున్నారు. నేను ఈరోజు తరగతి గదిలో నిలబడి పిల్లలకి చరిత్ర చెబుతున్నానంటే అందుకే చెబుతున్నాను.

చరిత్ర పరిశోధన కోసం ఢిల్లీలో ఒక జాతీయ సంస్థ ఉంది. కొన్నేళ్ళ కిందట వాళ్ళు మన వైపు శాసనాల కోసం ఒక ప్రాజెక్టు పెట్టారు. గోదావరికీ కృష్ణకీ మధ్య పల్లెల్లో ఇంకా మిగిలిన శాసనాలన్నిటికీ అచ్చులు తీయాలి, చదవాలి, సంపుటంగా వేయాలి. సంపుటమంటే దిండంత లావు పుస్తకం. దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఎవరూ చదవరు గానీ, వందేళ్ళ తరవాత కూడా దాన్ని చూపించే వాదించుకుంటారు. ఏలూరులో కాలవ పక్కన ఒక మేడమీద రెండు గదులు అద్దెకి తీసుకుని ఆఫీసు పెట్టారు. ఎమ్మే అయి, ఉద్యోగం లేక, అత్తిలి దగ్గర మా ఊళ్ళో నాన్న వరిచేల మీద కొంగల్ని లెక్కపెడుతున్న నేను అందులో రిసెర్చి అసిస్టెంటుగా చేరాను. తాడేపల్లిగూడెంలో గది తీసుకుని రోజూ రైల్లో వెళ్ళివచ్చేదాన్ని. అచ్చు సాయిబుగారు అప్పటికే పాత తరం పండితులందరి దగ్గరా పనిచేసి వచ్చిన మనిషి. ఆయనకి యాభై దాటాయి. ఖద్దరు చొక్కా, చంకలో కాగితాల చుట్ట, చేతిలో ప్లాస్టిక్ బకెట్. ఆ బకెట్లోనే గట్టి పీచు బ్రష్షు, సిరా డబ్బా, గుడ్డ చుట్టిన సిరా ఉండ, అన్నం క్యారియరు.

మొదటిసారి ఆయనతో పెదవేగి వెళ్ళాను. ఒక పామాయిల్ తోటలో ట్రాక్టరు షెడ్డుకి మెట్టుగా వేసిన బండ మీద అక్షరాలున్నాయని కబురొచ్చింది. తోట యజమాని మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశాడు. "శాసనం ఉందని తేలితే పొలం గవర్నమెంటువాళ్ళు లాక్కుంటారంటండీ. మా తోటలో ఏ రాయీ లేదు. వెళ్ళిరండి," అన్నాడు. నేను సంస్థ ఇచ్చిన ఉత్తరం తీసి గట్టిగా చదవబోయాను. సాయిబుగారు నన్ను ఆపి, ముందు కాసిని మంచినీళ్ళడిగారు. ఆ తరవాత గెలలు ఎలా కోస్తారో అడిగారు. అరగంట పామాయిల్ గురించి విని, అప్పుడు మెల్లిగా అన్నారు.

"మేం రాయి తీసుకెళ్ళమండీ. రాయి నీడ తీసుకెళ్తాం. నీడ పోతే మీకేం తరుగుతుందండీ?"

యజమాని గేటు తీశాడు. 

ఆ రోజు నేను చూసింది ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంది. ఆయన బండని నీళ్ళతో నాలుగుసార్లు కడిగారు. సందుల్లో మట్టిని కొబ్బరి పుల్లతో తీశారు. తడిపిన తెల్లకాగితాన్ని ఒక్క ముడత లేకుండా పరిచి బ్రష్షుతో కొట్టడం మొదలుపెట్టారు. టప్ టప్ టప్ మని, ఒకే వేగం, ఒకే బరువు. కాగితం చిరగదు, కానీ మెత్తగా దిగి రాతిలోని ప్రతి గంటులోకీ వెళ్ళి కూర్చుంటుంది. అది కాస్త ఆరాక సిరా అద్దాలి. తడి ఎక్కువుంటే సిరా పాకిపోతుంది, మరీ ఆరితే కాగితం లేచిపోతుంది. ఆ సమయం ఎప్పుడో తెలుసుకోవడానికి ఆయన వేలు పెట్టేవారు కాదు. వంగి, చెంప ఆనించి, కళ్ళు మూసుకుని కొన్ని క్షణాలు అలా ఉండిపోయేవారు. తరవాత లేచి సిరా ఉండతో అద్దుతూ పోతుంటే, నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే లేచి వచ్చాయి. రోజూ పాలేరు బురదకాళ్ళతో తొక్కి ట్రాక్టరెక్కే బండ అది. వెయ్యేళ్ళ క్రితం ఎవరో ఎవరికో చెప్పిన మాట అందులో ఉంది. తోట యజమాని చెప్పులు విడిచేశాడు.

"ఏం రాసుందండీ? నిధి సంగతేనా?" అన్నాడు గుసగుసగా. ఏ ఊరెళ్ళినా ఈ ప్రశ్న తప్పదు.

"నాకు తెలీదండీ. అమ్మాయిగారు చదువుకున్నారు, ఆవిణ్ణడగండి," అన్నారు సాయిబుగారు. తెలీదు అనే మాటని ఆయన అన్నంత హాయిగా అనేవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. మా రంగంలో ఆ మాట నోటివెంట రావాలంటే పళ్ళు ఊడినంత పనవుతుంది.

ద్వారకా తిరుమల దారిలో ఒక ఊళ్ళో శాసనం రాయిని అమ్మవారని పూజ చేస్తున్నారు. దాని మీద పసుపు వేలు మందాన పేరుకుపోయింది. నేనైతే ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. ఆయన దూరంగానే ఆగి, పూజ చేసే ముసలావిడకి నమస్కారం పెట్టి, "మా చేతులెందుకు పడాలమ్మా. అమ్మవారికి మీరే మంచిగా తలంటి పోయండి. ఒళ్ళంతా తడారాక మేం ఓ కాగితం కప్పి తీసేస్తాం," అన్నారు. అంతే, వీధిలో ఆడవాళ్ళంతా బిందెలతో వచ్చారు. కుంకుడుకాయ రసంతో రుద్ది రుద్ది అక్షరాలు తేలేదాకా కడిగారు. కాగల కార్యం గంధర్వులే తీర్చారు. పని అయిపోయాక ముసలావిడ ఆయనకి అరటిపండూ కొబ్బరిచెక్కా పెట్టింది. ఆయన ఆ కొబ్బరిచెక్కని మా కూతురికిష్టమండీ అంటూ జేబులో వేసుకున్నారు.

ఆయనది తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ఇల్లు. చిన్నప్పటి నుంచీ మగ్గం దగ్గర కూర్చుని ముడులు వేసినవారే. తివాచీ గిరాకీ తగ్గాక ఎవరో పండితుడు అచ్చుపనికి తీసుకెళితే అందులో పడిపోయారు. ఆ మగ్గం అలవాటు ఒకటి ఆయన్ని వదల్లేదు. అచ్చు ఆరిపోయి రాతి నుంచి ఒలిచాక, చుట్టచుట్టే ముందు కాగితాన్ని వెనక్కి తిప్పి, కళ్ళు మూసుకుని, చూపుడువేలితో పై వరుస నుంచి కింది వరుస దాకా తడిమేవారు. గంటులోకి దిగిన కాగితం వెనకవైపు ఉబ్బుగా ఉంటుంది కదా, ఆ ఉబ్బు ఆయన వేలికి తెలిసేది.

"తివాచీ ముందు భాగం కొనేవాడికండీ. వెనక భాగం నేసేవాడికి," అన్నారు ఒకసారి నేనడిగితే. "ముందు నుంచి రంగులు చూపించి మాయ చేయొచ్చు. వెనక ముడి ఉంటే ఉంది, లేకపోతే లేదు."

ఆ మాట విని ఎంత బాగా చెప్పారో అనుకున్నాను. నోట్సులో కూడా రాసుకున్నాను. బుద్ధికి మాత్రం ఎక్కించుకోలేదు.

ఇక ఆ రాయి సంగతి. కొల్లేట్లో ఒక లంక గ్రామం. ఊరి పేరు చెప్పను. వెళ్ళి చూద్దామన్నా అక్కడిప్పుడు రాయి లేదు. బస్సు దిగి, చేపల చెరువుల గట్ల మీద నడిచి, చివర తాటిదోనె ఎక్కితే వస్తుంది. దోనెలు ఆగే రేవులో బట్టలుతికే బండ. తిప్పి చూస్తే పదమూడు వరుసల శాసనం. "మా అత్తగారి అత్తగారి కాడ్నుంచీ దీనిమీదే ఉతుకుతున్నామమ్మా," అంది అక్కడ బట్టలుతుకుతున్న ముసలమ్మ. మొదటి ఎనిమిది వరుసలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక స్త్రీ ఏదో గుడిలో దీపానికి భూమి ఇచ్చింది. ఏ ఊరి స్త్రీ అన్నది తొమ్మిదో వరుసలో ఉండాలి. సరిగ్గా ఆ వరుస మధ్యలోనే బట్టల బండ కాకముందు తరతరాలుగా చేపల కత్తులు నూరి నూరి రాయి గుంటపడింది. ఏడక్షరాల మేర ఏమీ కనిపించదు.

ఏమీ కనిపించదని ఇప్పుడంటున్నాను. అప్పుడు నాకు కనిపించింది. వరుస మొదట్లో మిగిలిన ఒక అక్షరం మా ఊరి పేరులో మొదటి అక్షరమే. అచ్చు కాగితాన్ని ఆఫీసు బల్ల మీద పరిచి కిటికీ వెలుతురులో వారం రోజులు చూశాను. బూడిదరంగు మచ్చల్లో ఒక కొమ్ము కనిపించింది, తరవాత ఒక సున్న, తరవాత మా ఊరే కనిపించింది. వెయ్యేళ్ళ క్రితం మా ఊరి ఆడమనిషి కొల్లేటిదాకా వచ్చి దీపం పెట్టించిందన్నమాట. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు సన్నటి కుంచె తీసుకుని, ఆ మచ్చల చుట్టూ నల్లసిరా దిద్దాను. చుట్టూ నలుపు తిరిగేసరికి మధ్యలో తెల్లగా అక్షరాలు నిలబడ్డాయి. కొత్తగా రాయలేదు, ఉన్నదాన్నే స్పష్టం చేశానని నాకు నేను చెప్పుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అంటే అదే.

తరవాత అన్నీ చకచకా జరిగాయి. ఢిల్లీలో మా సంపాదకులకి పాఠం పంపితే చాలా సంతోషపడ్డారు. పాత ఊళ్ళ జాబితాలో కొత్త పేరు చేరిందనీ, అచ్చు కాగితం పంపితే ఫోటో తీయించి సంపుటంలో వేస్తామనీ, నా ఉద్యోగం ఇంకో రెండేళ్ళు పొడిగించమని రాస్తామనీ అన్నారు. నేను ఊరుకోకుండా నాన్నకి చెప్పాను. నాన్న ఊరుకోకుండా ఊరందరికీ చెప్పారు. రైతు సంఘంలో నాకు శాలువా కప్పాలని నిర్ణయమైంది. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టడానికి తణుకులో ఆర్డరు ఇచ్చారు. శాసనాల నాటి మా ఊరికి స్వాగతం అని.

ఢిల్లీకి పంపాల్సిన కాగితాలు చుట్టచుట్టే పని సాయిబుగారిదే. ఆ శుక్రవారం ఆయన ఒక్కొక్కటీ తిప్పి, వేలితో తడిమి, చుడుతున్నారు. కొల్లేటి రాయి దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ఆగింది. నేను బల్ల దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. ఆయన నావైపు చూడలేదు. ఆ ఒక్క కాగితం పక్కన పెట్టి, మిగతావి కట్టేసి, దాన్ని వేరేగా చుట్టి చంకలో పెట్టుకుని, "వెళ్ళొస్తానండీ," అని వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున్న తాడేపల్లిగూడెంలో మా గది గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నారు. ఒక చేతిలో ఉల్లిపాయల సంచి, చంకలో కాగితం చుట్ట.

"మార్కెట్లో ఉల్లిపాయలు చవకని వచ్చానండీ. ఎలాగూ వచ్చాను కదా అని ఇటొచ్చాను," అన్నారు. ఏలూరులో ఉల్లిపాయలు దొరకవా అని అడిగే ధైర్యం నాకు లేదు. టీ పెట్టాను. ఆయన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చారు. చాప మీద కాగితాన్ని వెనక్కి తిప్పి పరిచారు.

"అమ్మాయిగారూ, ఓసారి కళ్ళు మూసుకోండి."

మూసుకున్నాను. నా చూపుడువేలు పట్టుకుని కాగితం మీద ఉంచారు. "ఇది ఎనిమిదో వరుసండీ," అన్నారు. వేలి కింద ఒక్కో అక్షరం గింజలా, చీమలబారులా తగిలింది. వెయ్యేళ్ళ కింద ఉలి దిగిన చోటు అది. "ఇది తొమ్మిదో వరుస," అన్నారు. మొదటి అక్షరం తగిలింది. తరవాత ఏమీ లేదు. ఇస్త్రీ చేసిన చొక్కాలా నున్నగా ఉంది. వేలు జరుగుతూనే ఉంది, ఏమీ తగల్లేదు. ఏడక్షరాల దూరం ఎంత ఉంటుందో నాకు ఆరోజే తెలిసింది.

కళ్ళు తెరవాలనిపించలేదు. తెరిచి, తెగించి, "ఎవరికి తెలుస్తుందండీ?" అనేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆయనకి కోపం రాలేదు. "నాకు తెలిసింది కదండీ," అన్నారు. "చదువు రానివాడికే తెలిస్తే, చదువుకున్నవాళ్ళ దగ్గర ఎన్నాళ్ళు దాగుతుందండీ?" మళ్ళీ ఆయనే అన్నారు. "తివాచీలో తప్పు ముడి పడితే విప్పేసి మళ్ళీ వేస్తామండీ. ఇది అచ్చయి దేశమంతా పోతుందంట. అప్పుడు విప్పడానికి మీరెక్కడికెళ్తారు?"

నేను ఏడ్చాను. ఉద్యోగం పోతుందన్నాను. నాన్న పరువు పోతుందన్నాను, శాలువా, ఫ్లెక్సీ అన్నీ చెప్పాను. ఆయన అన్నీ విన్నారు. విని, నేను అసలు ఊహించని మాట అన్నారు.

"నా బ్రష్షు సరిగా పడలేదేమోనండీ. ఆరోజు గాలి ఎక్కువగా ఉంది. కాగితం గుంటలోకి పూర్తిగా దిగలేదేమో. మీకు కనిపించిందంటే ఉండొచ్చు కదా. రేపు మళ్ళీ వెళ్దామండీ. ఉంటే తెచ్చి మీ చేతిలో పెడతాను."

మర్నాడు వెళ్ళాం. ముసలమ్మ బట్టలు పక్కన పెట్టి మాకు రాయి ఇచ్చింది. ఆ రోజు ఆయన పని చేసిన తీరు నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. గుంటని నీళ్ళతో కడిగారు. ఉతుకుడు సబ్బు పొర వదలాలని చింతపండు రుద్దారు. మొదటి కాగితం వేశారు. ఎండ పడకుండా నేను గొడుగు పట్టుకున్నాను. గుంట మూలల్లోకి కాగితం దించడానికి బ్రష్షు వదిలేసి చేతిగుడ్డ చుట్టిన బొటనవేలితో నొక్కారు. చెంప ఆనించి చూశారు. ఆరాక ఒలిచి, వెనక్కి తిప్పి తడిమారు. తల అడ్డంగా ఊపి రెండో కాగితం తడిపారు. రెండోదీ అంతే. మూడోది వేసేసరికి మధ్యాహ్నమైంది. అన్నం తినలేదు. నుదుటి చెమట కాగితం మీద పడకుండా తలకి తువాలు కట్టుకున్నారు. నేను చేసిన తప్పుని రుజువు చేయడానికి ఆయన రాలేదని అప్పుడర్థమైంది. నా మాట నిజం కావాలని, ఎలాగైనా మా ఊరు ఆ రాతిలో దొరకాలని, ఆ రేవులో అందరికంటే ఎక్కువగా కోరుకున్నది ఆయనే.

మూడో కాగితం వెనక వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నారు. లేచి నా దగ్గరకి వచ్చారు. బెడ్డు పక్కన నిలబడిన డాక్టరు చెప్పినట్టు చెప్పారు.

"రాలేదండీ. రాయి దగ్గరే లేదండీ. ఉంటే నేను వదలను."

తరవాత ఎప్పటిలాగే బండని సిరా మరక లేకుండా కడిగి, ఉతుకు వైపు పైకి వచ్చేలా తిప్పి, ముసలమ్మకి అప్పగించారు. "ఏమైనా దొరికిందా బాబూ?" అంది ఆవిడ. "ఎంత ఉందో అంత దొరికిందమ్మా," అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఒళ్ళో అట్ట పెట్టుకుని సంపాదకులకి ఉత్తరం రాశాను. సిరా దిద్దానని రాశాను, పొరపాటు అని రాయలేదు. కొత్త అచ్చు మూడు కాపీలూ జతచేశాను. రెండు వారాలకి జవాబు వచ్చింది. మిగతా వరుసల పాఠం బాగుందనీ, తొమ్మిదో వరుసలో ఖాళీ ఉన్నచోట నియమం ప్రకారం చుక్కలు పెట్టమనీ, ఉద్యోగం పొడిగింపు మాత్రం ఇక కుదరదనీ ఉంది. అంతకంటే న్యాయంగా ఎవరూ రాయలేరు.

నాన్నకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. "ఊరంతా చెప్పేశాను కదే!" అని నెత్తిన చేతులు పెట్టుకున్నారు. అంతలోనే ఆశగా, "పోనీ మన ఊరు కాదని రాయి అనలేదు కదా?" అన్నారు. "లేదు నాన్నా, ఏమీ అనలేదు." "అయితే చాలు," అన్నారు. అప్పటికే తయారైన ఫ్లెక్సీని గడ్డివాముకి కప్పారు. రెండు వానాకాలాలు మా గడ్డి తడవలేదు. నాన్న ఇప్పటికీ ఎవరైనా అడిగితే, మా ఊరి సంగతి ఇంకా పరిశోధనలో ఉందని చెబుతారు.

ఆ తరవాత కొన్నాళ్ళకి, సరస్సుని ఆక్రమించారని గవర్నమెంటువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పెద్ద పెద్ద యంత్రాలు వచ్చాయి, మట్టి ఇటుది అటూ అటుది ఇటూ అయింది, ఊరి రేవే మారిపోయింది. ఆ గొడవ సద్దుమణిగాక సాయిబుగారూ నేనూ వెళ్ళి చూశాం. రాయి లేదు. ఏ గట్టు కింద పడిందో, ఎవరింటి పునాదిలోకి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. ముసలమ్మ కూడా లేదు. నీళ్ళ ఒడ్డున నిలబడి ఆ పాత రేవు చోటు వెతుక్కున్నాను. నా అబద్ధం కనక అచ్చయి ఉంటే, దాన్ని కాదనడానికి లోకంలో ఇక ఏ రాయీ లేదు. అది నిజమైపోయి ఉండేది. వందేళ్ళ తరవాత ఎవరో పిల్ల ఆ పుస్తకం చూపించి, దాని మీద ఇంకో పుస్తకం రాసేది. పల్లెపల్లెకీ బకెట్ పట్టుకుని ఆయన ఎందుకంత శ్రద్ధగా తిరిగారో ఆ ఒడ్డున నాకు పూర్తిగా తెలిసింది. ఆ రాయంటే ఇక ఆ నాలుగు కాగితాలే. అందులో ఒకటి నేను పాడుచేసినది.

"నీడ మిగిలిందండీ," అన్నారాయన, నీళ్ళవైపు చూస్తూ. ఆ మాట పెదవేగిలో విన్నప్పుడు గేటు తీయించడానికి చెప్పిన తెలివైన మాట అనుకున్నాను.

సంపుటం అచ్చయి వచ్చాక ఒక కాపీ తీసుకుని తంగెళ్ళమూడి వెళ్ళాను. ముందుమాటలో చాలామందికి కృతజ్ఞతలు చెప్పారు. రోజు కూలీ మీద పనిచేసినవాళ్ళ పేర్లు వేసే అలవాటు లేదు కాబట్టి ఆయన పేరు లేదు. నాకు మండిపోయింది. ఆయన మాత్రం చేతులు కడుక్కుని వచ్చి పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. కొల్లేటి రాయి ఫోటో ఉన్న పేజీ తీశారు. పేజీ వెనక్కి తిప్పి, కళ్ళు మూసుకుని వేలు పెట్టారు. పకపకా నవ్వారు.

"దీనికి వెనక లేదండీ!"

ఎదుటి పేజీలో పాఠం చూపించాను. తొమ్మిదో వరుస, ఒక అక్షరం, తరవాత చుక్కలు. "ఎన్నండీ?" అన్నారు. ఏడు అన్నాను. ఒకసారి వేలితో ఆ దూరం కొలిచి, "సరిపోయిందండీ," అన్నారు. "మీ పేరు వేయలేదు," అన్నాను నేను, ఇంకా ఆ కోపంలోనే. ఆయన అర్థం కానట్టు చూశారు. "ఇన్ని ఊళ్ళ మాట ఉందంట కదండీ ఇందులో. మధ్యలో నా మాటెందుకు?" అని కూతుర్ని టీ పెట్టమని కేకేశారు.

ఆ పుస్తకం ఇప్పుడు ఢిల్లీలో ఉంది, దేశంలో పెద్ద పెద్ద లైబ్రరీలన్నిటిలోనూ ఉంది. మా కాలేజీ లైబ్రరీకి నేనే ఒకటి తెప్పించాను. ప్రతి ఏడాదీ మొదటి పాఠం రోజు దాన్ని క్లాసుకి మోసుకెళ్ళి, తొమ్మిదో వరుస తీసి పిల్లలకి చూపిస్తాను. ఇక్కడ ఏముందో చెప్పండంటాను. తెలివైనవాళ్ళు ఏదో ఒకటి ఊహిస్తారు. ఎవరో ఒకరు చివరికి "తెలీదండీ," అంటారు. ఆ పిల్లకో పిల్లాడికో నేను మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

పోయిన నెల ఆ రోజు ప్యాసింజరు ఆలస్యమై నేను ఏలూరు చేరేసరికి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. మగవాళ్ళంతా ఖబరస్తానుకి వెళ్ళారు. ఇంట్లో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. కూతురు నన్ను చూసి లేచి వచ్చి, చేయి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. గోడకి మేకు మీద ఆ బకెట్ వేలాడుతోంది, అందులో బ్రష్షు పిడి కనిపిస్తోంది. కింద పరిచిన పాత తివాచీ రంగు వెలిసిపోయి, ముందు వైపు పువ్వేదో ఆకేదో తెలియకుండా ఉంది.

"నాన్న మగ్గం మీంచి దింపిన ఆఖరిదండీ ఇది," అంది కూతురు. "ఎంతమంది అడిగినా ఇవ్వలేదు."

నేను దాని అంచు కొంచెం మడిచాను. కళ్ళు మూసుకుని వెనకవైపు వేలు పెట్టాను. ముడి పక్కన ముడి, ముడి పక్కన ముడి. చేయి అందినంత మేరా జరిపాను. ఎక్కడా ఖాళీ తగల్లేదు.